రేపు రమ్మంటే పోయేది ఎవరి రోజు?

"రేపు సాయంత్రం వచ్చి తీసుకుపో అక్కా, కుట్టేసి పెడతా."

ఈ మాట నమ్ముకుని మన రాజుపాలెంలో ఎంతమంది ఆడవాళ్లు ఎన్ని సాయంత్రాలు పోగొట్టుకున్నారో ఒక్కసారి తలుచుకోండమ్మా. మాఘమాసం వచ్చిందంటే పెళ్లిళ్లు వరస కడతాయి. చీర కొనడం ఒక పూట పని. జాకెట్టు చేతికి రావడం మాత్రం ఎవరి చేతుల్లోనూ ఉండదు. ఆది జాకెట్టు, గుడ్డ, లైనింగు అన్నీ ఒక కవర్లో పెట్టి ఇచ్చి వస్తాం. చెప్పిన రోజుకు వెళితే మిషను మీద వేరేవాళ్ల జాకెట్టు ఉంటుంది. మన కవరు మూట విప్పకుండా గోడవార అట్లానే ఉంటుంది. లైనింగు గుడ్డ తడిపి ఆరేయను కూడా లేదు. అయినా "చేతులు అతకడమే ఉందక్కా, మాపటికల్లా అయిపోద్ది" అంటుంది కుట్టే అమ్మాయి. మాపటికి వెళితే మళ్లీ రేపు. పెళ్లి రోజు తెల్లవారుజామున తెచ్చుకుని, హుక్కులు లేక పిన్నీసులు పెట్టుకుని బస్సెక్కినవాళ్లు మనలో లేరా?

జాకెట్టు సంగతి ముందు చెప్పానంటే, అది మన అందరికీ తెలిసిన కష్టం కాబట్టి. మిగతా పనులదీ ఇదే తీరు. ఫ్రిజ్ బాగుచేసే అబ్బాయికి పొద్దున ఫోన్ చేస్తే "బయల్దేరా అక్కా, దారిలో ఉన్నా" అంటాడు. దీపాలు పెట్టేవేళ దాకా ఆ దారి తరగదు. బోరు మోటారు కాలిపోతే వైండింగుకు తీసుకెళ్లినవాళ్లు మూడు రోజులని చెప్పి వారం చేస్తారు, ఆ వారమంతా నీళ్లు మోసేది ఆడవాళ్లే. తాపీమేస్త్రీ సగం గోడ లేపి ఇంకో ఊళ్లో పని ఒప్పుకుంటాడు. పెళ్లికూతుర్ని చేయడానికి పొద్దున్నే వస్తానన్న పార్లర్ అమ్మాయి రెండు పెళ్లిళ్లు ఒకే పొద్దుకు పెట్టుకుని, రెండిళ్లవాళ్లనీ ఏడిపిస్తుంది. ఇవి ఎవరికి చెప్పినా ఒకటే జవాబు: "మన దగ్గర అంతేలేమ్మా, మనవాళ్లకి టైం పట్టింపు ఎక్కడుంది!"

ఈ జవాబు నేను ఒప్పుకోను. దీన్ని నమ్మి ఊరుకోవడం వల్లనే మనం ఇంతకాలం నష్టపోతున్నామని నా గట్టి నమ్మకం.

మనవాళ్లకి టైం పట్టింపు లేకపోవడమేంటి? తెల్లవారుజామున పాలకేంద్రం దగ్గర నిలబడి చూడండి. గేదె పాలు తీసి, క్యాను పట్టుకుని, చీకట్లోనే వచ్చి వరసలో నిలబడేది మన ఆడవాళ్లే. వెన్న శాతం చూసి రాసుకోవడం, పాలు పోయడం, వ్యాను వచ్చి ఎత్తుకుపోవడం, అంతా గడియారం మీద నడుస్తుంది. వ్యాను వెళ్లిపోయాక వచ్చిన పాలు ఇంట్లోనే మిగిలిపోతాయని అందరికీ తెలుసు. అందుకే ఒంట్లో బాగుండకపోయినా, రాత్రి చుట్టాలొచ్చినా, పొద్దున పాలు మాత్రం వేళకు కేంద్రానికి చేరతాయి. మిరప కోతల రోజుల్లో చూడండి. సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా కోతల కాలమే. ముఠా ఆటో పొద్దు పొడవకముందే వీధి మొదట్లోకి వచ్చి హారన్ కొడుతుంది. అప్పటికే అన్నం వండి, క్యారేజీ కట్టి, పిల్లలకు పెట్టాల్సింది పెట్టి, తలకు గుడ్డ చుట్టుకుని నిలబడి ఉంటారు కోతకు వెళ్లేవాళ్లు. ఒక్కరు ఆలస్యమైతే ఆటోలో ఉన్న పదిమందీ మాటంటారు. అనుపాలెం, ఇనిమెట్ల, గణపవరం, రెడ్డిగూడెం, ఎక్కడికైనా వెళ్లి అడగండి, కోతల్లో ఆలస్యంగా లేచిన ఆడకూతురు ఎవరో చెప్పమనండి.

ఉపాధి హామీ పనికి వెళ్లినవాళ్లను అడగండి. 2023 జనవరి 1 నుంచి పనిచోట హాజరు ఫోన్ యాప్‌లో ఎక్కించడం తప్పనిసరి చేశారు. పూటకొకటి చొప్పున రోజుకు రెండు ఫోటోలు తీయాలి, అందులో మన మొహం కనపడాలి. ఫోటోలో లేకపోతే ఆ రోజు కూలి లేదు. 2025-26కు మన రాష్ట్రంలో ఆ కూలి రోజుకు 307 రూపాయలుగా నిర్ణయించారు. నడుముకు గుడ్డ బిగించి మట్టి తవ్వే ఆడమనిషి దగ్గర సర్కారు నిమిషాల లెక్క తీసుకుంది. ఆమె ఆ లెక్క ఇచ్చింది కూడా.

ఇక ముహూర్తం సంగతి. శుభలేఖ మీద గంటలూ నిమిషాలూ అచ్చువేయించే జాతి మనది. అర్ధరాత్రి దాటాక ఉన్నా సరే, ఆ నిమిషానికి జీలకర్ర బెల్లం పెట్టాల్సిందే. ఎక్కడ ఎంత ఆలస్యమైనా, అలక పాన్పులూ అలిగిన బావగార్లూ ఎంతమంది ఉన్నా, ఆ ఒక్క నిమిషానికి మేళం గట్టిగా మోగుతుంది, వధూవరుల చేతులు తలల మీదికి వెళతాయి. రాహుకాలం, వర్జ్యం, దుర్ముహూర్తం చూసుకుని గడప దాటే పెద్దవాళ్లు ప్రతి ఇంట్లో ఉన్నారు. కాలానికి ఇంత విలువ ఇచ్చే మనుషులం, జాకెట్టు దగ్గరకొచ్చేసరికి కాలం తెలియనివాళ్లం ఎట్లా అవుతాం?

నేను చాలా రోజులు ఆలోచించాక నాకు తోచింది ఇది. పాలు, కోత, ఫోటో, ముహూర్తం, వీటిలో ఆలస్యమైతే నష్టం అప్పటికప్పుడు కళ్లకు కనపడుతుంది. ఫలానావాళ్ల వల్ల ఫలానాది పోయిందని నలుగురూ చెప్పగలరు. "రేపు రా" అన్నప్పుడు పోయేది ఇంట్లో ఉన్న ఆడమనిషి పూట. ఆ పూటకు ఎవరూ ధర కట్టలేదు. ధర లేనిదాన్ని ఎంత పారబోసినా ఎవరికీ నొప్పి తెలియదు. "ఇంట్లోనే ఉంటావుగా అక్కా, ఎప్పుడొస్తే ఏం!" అని మెకానిక్ అంటాడు. ఇంట్లో మగవాళ్లూ అదే అంటారు. బాధ ఏంటంటే, మనమూ అదే అనుకుంటాం. అతనికోసం ఇంట్లో కూర్చున్న రోజు ఆమె కోతకు వెళ్లలేదు. పుట్టింట్లో పడకేసిన తల్లిని చూడ్డానికి వెళ్లలేదు. బ్యాంకు పని ఆగిపోయింది. ఇవేవీ అతని లెక్కలోకి రావు, మన లెక్కలోకీ రానివ్వడంలేదు మనం.

ఆసుపత్రి సంగతి తీసుకోండి. మనకు జ్వరమైనా, కాన్పైనా, పిల్లాడికి పన్ను నొప్పైనా, అయితే సత్తెనపల్లి, కాకపోతే నరసరావుపేట, పెద్దదైతే గుంటూరు. "డాక్టరుగారు పదింటికి వస్తారు, పొద్దున్నే వచ్చి చీటీ రాయించుకోండి" అంటారు ఫోన్లో. పొద్దున్నే వెళతాం. మన కంటే ముందే కొండమోడు నుంచి, ముప్పాళ్ల నుంచి, నకరికల్లు నుంచి వచ్చినవాళ్లు బెంచీల నిండా ఉంటారు. పది దాటుతుంది, పదకొండు దాటుతుంది. లోపల కౌంటర్లో ఉన్న అమ్మాయిని అడిగితే "ఆపరేషన్లో ఉన్నారు, వస్తారు" అంటుంది. నిజంగా ఆపరేషనే కావచ్చు. ప్రాణం మీదికొచ్చిన మనిషిని వదిలి మన దగ్గరకు రమ్మని ఎవరం అనం. అయితే ప్రతి రోజూ పన్నెండింటికి వచ్చే డాక్టరు కోసం ప్రతి రోజూ పదింటికి రమ్మని చెప్పడం ఏ ఆపరేషన్ వల్ల? పదకొండున్నరకు రమ్మంటే మనం ఇంట్లో ఒక ముద్ద వండి పెట్టుకుని, పిల్లల్ని బడికి పంపి, ఒక పూట పని చేసుకుని వస్తాం కదా. షుగర్ మనిషి పరగడుపున అంతసేపు బెంచీ మీద కూర్చుంటే కళ్లు తిరిగి పడిపోదా? నాకు అన్నిటికంటే కోపం వచ్చేది ఇక్కడే. జాకెట్టు ఆలస్యమైతే పరువు పోతుంది. ఇక్కడ ఒంటికే ముప్పు.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో మనకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు డబ్బు కట్టే పని లేకుండా పోయింది. మంచిదే, ఎంతో ఉపయోగపడింది. దాంతోపాటు ఒక కొత్త మాట కూడా వచ్చింది. "రేపు ఇంకోసారి రామ్మా, నీకు బస్సు ఫ్రీయేగా" అంటున్నారు. బస్సు ఫ్రీ, రోజు ఫ్రీ కాదు. ఈ మాట మీరు ఎవరితోనైనా అనాల్సి వస్తే మొహమాటపడకుండా అనండి.

ఇప్పుడు రెండోవైపు కూడా మాట్లాడుకోవాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. మిషను ముందు కూర్చునేది కూడా మన చెల్లెలే.

మా వీధిలో కుట్టుపని చేసే అమ్మాయి దగ్గర ఒక మధ్యాహ్నం కూర్చుని తీరిగ్గా అడిగాను, ఎందుకమ్మా చెప్పిన రోజుకు ఇవ్వవు అని. ఆ పిల్ల చెప్పింది విని నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. లైనింగు జాకెట్టు కత్తిరించి, కుట్టి, చేతికుట్టు వేసి, హుక్కులు పెట్టేసరికి, ఇంటిపనితో పాటు రోజుకు మూడు తెమలడం కష్టం. పెళ్లిళ్ల రోజుల్లో ఒక్క సాయంత్రం పదిమంది వస్తారు. అందరూ "నాకు ఎల్లుండికి కావాలి" అంటారు. ఒకామె అత్తగారి వైపు బంధువు. ఒకామె ఆపదలో చేబదులు ఇచ్చిన మనిషి. ఇంకొకామె పక్కింటి పెద్దావిడ. "వీళ్లలో ఎవరికి కుదరదని చెప్పమంటావక్కా? చెప్తే 'ఓహో పెద్ద టైలరైపోయావే' అంటారు, ఆర్నెల్లు మాట్లాడరు. ఊఁ అంటే ఆ రోజుకు సంతోషంగా పోతారు, తర్వాత తిట్టుకుంటే తిట్టుకుంటారు" అంది. మధ్యలో కరెంటు పోతుంది. పిల్లాడికి జ్వరం వస్తుంది. నిన్న ఇచ్చిన జాకెట్టు చంకల దగ్గర బిగుతైందని ఒకరు వెనక్కి తెస్తారు. ఆ విప్పి కుట్టే పనికి పైసా రాదు, పూట మాత్రం పోతుంది.

ఇంకో మాట కూడా చెప్పింది. అర్జెంటు అర్జెంటు అని ప్రాణం తీసి కుట్టించుకున్నవాళ్లే, కుట్టాక నెలల తరబడి వచ్చి తీసుకెళ్లరట. ఆ పిల్ల బీరువాలో ఒక అర నిండా అట్లాంటి జాకెట్లు ఉన్నాయి, నేను కళ్లారా చూశాను. గుడ్డా లైనింగూ వాళ్లవి, దారమూ హుక్కులూ ఈ పిల్లవి, కష్టం ఈ పిల్లది. తీసుకెళ్లినవాళ్లలో కొందరు "ఫాల్, పీకోకు ఇచ్చినప్పుడు అన్నీ కలిపి ఇస్తాలే" అని వెళతారు. ఆ కలిపి ఇచ్చే రోజు ఎప్పుడో వాళ్లకీ తెలియదు. మన రోజు ఆ పిల్ల తింటోందని మనం అంటున్నాం. ఆ పిల్ల రోజును మనం కూడా తింటున్నాం.

అంటే ఈ ఆలస్యంలో సగం పని ఎక్కువై వచ్చింది, మిగతా సగం మొహమాటం తెచ్చింది. కాదంటే ఎదుటివాళ్లు నొచ్చుకుంటారని అవునంటున్నాం. ఆ క్షణానికి మర్యాద దక్కుతుంది. నాలుగు రోజుల తర్వాత ఆ మర్యాదకు రెట్టింపు పరువు పోతుంది. మంగళవారం సెలూన్ తెరవరని ఊళ్లో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. మంగళవారం వెళ్లి తలుపు ముందు ఎవరైనా ఎదురుచూస్తారా? తియ్యలేదని ఎవరికైనా కోపం వస్తుందా? ముందే తెలిసిన 'లేదు' ఎవర్నీ బాధపెట్టదు. మనల్ని కాల్చేది ఆశపెట్టి తిప్పించుకోవడమే.

దీన్ని చక్కగా పట్టుకున్న కుట్టుమనిషి ఒకావిడ మనకు దగ్గర్లోనే ఉంది. ఆవిడ గోడకు క్యాలెండరు తగిలించి, ప్రతి తేదీ గడిలో ఆ రోజు ఇవ్వాల్సిన జాకెట్ల పేర్లు రాస్తుంది. గడి నిండితే ఇక ఆ తేదీకి ఒప్పుకోదు. ఎవరొచ్చినా క్యాలెండరు చూపిస్తుంది. "చూడు వదినా, పదహారో తారీకు నిండింది, పందొమ్మిదికి అయితే ఇస్తా, కుదిరితే ఉంచు, లేకపోతే ఇంకొకరి దగ్గర చూసుకో" అంటుంది. మొదట్లో జనం సణిగారు. కానీ ఇప్పుడు పందొమ్మిది అంటే పందొమ్మిదికే హుక్కులతో సహా చేతికొస్తుందని తెలిసి, పక్క ఊళ్ల నుంచి కూడా వెతుక్కుంటూ వస్తున్నారు. కుట్టుకూలి కూడా నలుగురి కంటే కాస్త ఎక్కువే తీసుకుంటుంది, ఇచ్చేవాళ్లు సంతోషంగా ఇస్తున్నారు. నన్నడిగితే అది న్యాయమైన డబ్బు. మాట మీద నిలబడే మనిషి చేతిపనికి ఆపాటి విలువ ఉండాలి.

"ఇదంతా రక్తంలో ఉండాలమ్మా, జపాన్‌వాళ్లకు ఉన్నట్టు" అని చదువుకున్న పిల్లలు అంటుంటారు. జపాన్ సంగతి నేను కాస్త చదివాను, మీకూ చెప్తా. 2017 నవంబరు 14న టోక్యో దగ్గర సుకుబా ఎక్స్‌ప్రెస్ అనే రైలు 20 సెకన్లు ముందు బయల్దేరింది. ఒక్క ప్రయాణికుడు ఫిర్యాదు చేయకపోయినా ఆ రైలు కంపెనీ బహిరంగంగా క్షమాపణ చెప్పింది. అదే జపాన్‌కు 1857లో కాటెన్‌డైకే అనే డచ్చి నౌకాదళ అధికారి నాగసాకిలో పాఠాలు చెప్పడానికి వెళ్లాడు. ఆయన రాసుకున్నదాంట్లో అక్కడివాళ్ల నిదానం మీద పెద్ద మొర ఉంది. ఓడ మరమ్మతుకు కావాల్సిన కలప పోటు వేళకు రాలేదట. ఒక పనివాడు ఒకసారి కనపడి మళ్లీ రానేలేదట. చదువుతుంటే మన తాపీమేస్త్రీ గురించి రాసినట్టే ఉంది! తర్వాత 1872లో అక్కడ రైలు వచ్చింది. ఫ్యాక్టరీలూ బళ్లూ వచ్చాయి. 1920 నుంచి ఏటా జూన్ 10ని కాలం విలువ గుర్తుచేసే రోజుగా జరుపుకున్నారు. అంటే రెండు మూడు తరాలు పట్టుబట్టి నేర్చుకున్నారు. నేర్చుకుంటే వచ్చేదాన్ని పుట్టుకలో లేదని చెప్పి వదిలేస్తే ఎట్లా?  

పరాయివాళ్లదాకా ఎందుకు, అమెరికాలో ఉన్న మన పిల్లల్నే చూడండి. అక్కడ పార్లర్‌కు పావుగంట ఆలస్యంగా వెళితే అపాయింట్‌మెంట్ పోతుందని పరుగెత్తేది, పెళ్లి హాలు గంటల లెక్కన తీసుకుని ఆ గంటకే ఖాళీ చేసేది మన పల్నాటి పిల్లలే. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లే అక్కడ వేళకు ఉండగలుగుతున్నారు.

చట్టం మాట కూడా చెప్పుకుందాం, ఎందుకంటే చాలామందికి ఇవి తెలియవు. కరెంటు ఫ్యూజ్ పోతే ఎంతసేపట్లో వచ్చి వేయాలో విద్యుత్ నియంత్రణ మండలి ఎప్పుడో 2004 నాటి నిబంధనల్లోనే గడువు పెట్టింది. పట్టణాల్లో నాలుగు పని గంటలు, పల్లెల్లో పన్నెండు పని గంటలు. దాటితే వినియోగదారుడికి పరిహారం ఇవ్వాలి. లైన్‌మన్ ఫోన్ ఎత్తకపోతే 1912కు ఫోన్ చేసి, ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి. నంబరు ఉంటేనే గడువు లెక్క మొదలవుతుంది. ఊరికే ఆఫీసు ముందు నిలబడి బతిమాలితే ఎక్కడా నమోదు కాదు.

డబ్బు తీసుకుని చెప్పిన వేళకు సేవ చేయకపోతే దాన్ని సేవా లోపంగా వినియోగదారుల రక్షణ చట్టం చూస్తుంది. కొత్త చట్టం 2019లో చేశారు, 2020 జులై 20 నుంచి అమల్లో ఉంది. ఐదు లక్షల రూపాయల లోపు వ్యవహారమైతే వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు ఫీజు కూడా లేదు. వకీలు లేకుండా మనమే వేసుకోవచ్చు. జిల్లా కమిషన్ గుంటూరులో ఉంది. కమిషన్‌కు వెళ్లేముందు 1915కు ఫోన్ చేస్తే జాతీయ హెల్ప్‌లైన్‌వాళ్లు కంపెనీతో మాట్లాడతారు. జాకెట్టుకు కూడా కమిషనా అని మీరు ఆశ్చర్యపోతారేమో. 2025లో అహ్మదాబాద్‌లో ఒకామెకు బంధువుల పెళ్లి నాటికి జాకెట్టు ఇవ్వని టైలర్‌కు వినియోగదారుల కమిషన్ ఏడు వేల రూపాయలు కట్టమని తీర్పు చెప్పింది. ఆ పెళ్లికి తప్పిపోయిన జాకెట్టు వల్ల పడ్డ మనస్తాపాన్ని ఒక కమిషన్ కూర్చుని విని, లెక్కకట్టింది. నాకది ఎంతో పెద్ద విషయంగా అనిపించింది.

అయితే పక్కింటి పిల్ల మీద కమిషన్‌కు వెళ్లమని నేను చెప్పనమ్మా. పెద్ద కంపెనీ ఫ్రిజ్ కొన్నారు, గ్యారంటీ ఉంది, బిల్లుంది, వాళ్ల మనిషి వారాల తరబడి రావడంలేదు, అప్పుడు వెళ్లండి, వెనకాడకండి. ఊళ్లో ఒకరి మొహం ఒకరు చూసుకుని బతికే మన మధ్య వ్యవహారం మనమే చక్కబెట్టుకోవాలి. అందుకు దారి కూడా మన చేతిలోనే ఉంది.

డ్వాక్రా గ్రూపు అంటే మనకు అప్పు, వడ్డీ, బ్యాంకు పుస్తకం గుర్తొస్తాయి. కానీ అసలు మనం అక్కడ నేర్చుకున్న పెద్ద చదువు వేళ తప్పకపోవడం. పంచసూత్రాలు మనకు కంఠతా వచ్చు కదా: క్రమం తప్పకుండా సమావేశం, క్రమం తప్పకుండా పొదుపు, గ్రూపులో అప్పులు, గడువులోగా తిరిగి కట్టడం, పుస్తకాలు సరిగ్గా రాయడం. ఐదింట్లో మూడు కాలం గురించినవే! చదువు రాని అమ్మమ్మలు కూడా ఫలానా తారీకు అంటే ఫలానా తారీకుకు డబ్బు పట్టుకొచ్చారు. మీటింగుకు ఆలస్యమైతే జరిమానా పెట్టుకున్న గ్రూపులు ఎన్నో ఉన్నాయి. ఒకరు ఆలస్యంగా కడితే పదిమంది పేరు చెడుతుందని మనకు మనమే కట్టు పెట్టుకున్నాం, ఎవరో పోలీసు వచ్చి పెట్టలేదు. ఊళ్లో కుట్టు మిషన్లలో ఎన్నో ఆ గ్రూపు అప్పులతో కొన్నవే. పార్లర్ పెట్టుకున్న పిల్లలు, పిండిమర వేసుకున్నవాళ్లు, పచ్చళ్లు పెట్టి అమ్మేవాళ్లు, అందరూ ఏదో ఒక గ్రూపులో ఉన్నవాళ్లే. అంటే ఇచ్చేవాళ్లూ పుచ్చుకునేవాళ్లూ నెలకోసారి ఒకే చాప మీద కూర్చుంటున్నారు. ఇంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది మనకు?

అక్కడ మాట్లాడుకోవాల్సినవి పెద్ద కష్టమైనవేం కావు. కుట్టుమనిషి ప్రతి జాకెట్టుకూ తేదీ రాసిన చీటీ ఇవ్వాలి, రెండో ముక్క గుడ్డకు పిన్ను పెట్టుకోవాలి. గుడ్డ ఇచ్చే రోజే సగం డబ్బు ఇచ్చేయాలి మనం. పెళ్లి పదహారున అయితే పదమూడు అని తేదీ పెట్టించుకుంటే, బిగుతైనా వదులైనా సరిచేయడానికి టైం ఉంటుంది. "రేపిస్తావా?" అని అడగకుండా "నీకు ఎప్పటికి కుదురుతుంది?" అని అడగాలి, ఆమె చెప్పిన తేదీ నచ్చకపోతే మొహం మాడ్చుకోకుండా ఇంకొకరి దగ్గరకు వెళ్లాలి. ఏదైనా అడ్డమొచ్చి కుదరకపోతే ముందు రోజే ఒక ఫోన్ చేసి చెప్పాలి. చెప్పిన రోజుకు మనం వెళ్లాలి, మిగతా డబ్బు చేతిలో పెట్టి తెచ్చుకోవాలి. కుదరదని చెప్పిన పిల్లను ఊళ్లో చెడ్డగా అనుకోకూడదు. ఇది మాత్రం పెద్దవాళ్లు ముందు నిలబడి చెప్పాలి, ఎందుకంటే ఆ పిల్లలు భయపడేది పెద్దవాళ్ల మాటకే.

ఆసుపత్రుల సంగతి గ్రూపులో తేలేది కాదు, నిజమే. కానీ చీటీ రాసే అమ్మాయిని "డాక్టరుగారు నిన్న ఎన్నింటికి వచ్చారు?" అని అడగడానికి మనకు హక్కుంది. పదిమంది రోజూ అడిగితే ఆ ప్రశ్న లోపలికి వెళుతుంది.

ఈ నెల గ్రూపు మీటింగులో పొదుపు లెక్కలు అయిపోయాక పది నిమిషాలు ఈ మాటకు కేటాయించండి. కుట్టుపని చేసే చెల్లెల్ని ముందు మాట్లాడనివ్వండి. ఆమె చెప్పింది పూర్తిగా విన్నాకే మీ మాట చెప్పండి. ఏం తీర్మానించుకున్నారో మాకు రాయండి, మీ ఊరి పేరుతో వేస్తాం.